ఖిద్మత్ సరే భాయీ, హిసాబ్ ఏదీ?

"ముఫ్త్‌లో చేస్తున్నాం భాయీ, పైగా హిసాబ్ కూడానా?"

మన కౌమ్‌లో ఎంత మంచి సంస్థనైనా మూలన కూర్చోబెట్టడానికి ఈ ఒక్క మాట చాలు. అడిగినవాడి నోరు మూతపడుతుంది. చుట్టూ ఉన్న నలుగురూ "నిజమే కదా, జేబులోంచి పెట్టుకుని చేస్తున్నాడు పాపం" అంటారు. చివరికి అడిగినవాడే కసూర్‌వార్ అయిపోతాడు. చాయ్ వస్తుంది, బిస్కెట్లు వస్తాయి, దువా అవుతుంది, అందరూ లేస్తారు. హిసాబ్ మాత్రం రాదు.

నేను మసీదు కమిటీల గురించి రాయడం లేదు. వాటి గురించి మాట్లాడేవాళ్లు ప్రతి గల్లీలోనూ ఉన్నారు. నేను రాస్తున్నది మన ఫన్‌నీ, మన పాటనీ, మన షాయరీనీ నడిపే కమిటీల గురించి. ముషాయిరాలు పెట్టే అదబీ బజ్మ్‌లు, ఉర్సుకు ఖవ్వాలీ పెట్టించే కమిటీలు, మొహర్రంలో పీర్ల చావిడి దగ్గర పాటలూ తప్పెట్లూ నడిపించే పెద్దమనుషులు, మీలాదుకు నాత్ పోటీలు పెట్టే అంజుమన్‌లు. అనంతపురం పాతూరు నుంచి గుంతకల్లు దాకా, తాడిపత్రి నుంచి కదిరి, పెనుకొండ, హిందూపురం దాకా మన కరువు సీమలో ఇలాంటివి ఎన్నో. 2022లో జిల్లా రెండు ముక్కలైంది గానీ ఈ కమిటీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మనుషులూ వాళ్లే, కుర్చీలూ అవే.

ముందే ఒక మాట సాఫ్‌గా చెప్పేస్తాను. వీళ్లలో దొంగలు తక్కువ. ఉర్దూ మీడియం బడిలో చదివి, కాలేజీలో తెలుగు డిగ్రీ చేసి, ఇరవై ఏళ్లుగా విలేకరి పని చేస్తున్నవాణ్ణి. రెండు భాషల సభలూ చూశాను, రెండు రకాల కమిటీలూ చూశాను. బట్టల దుకాణం సేఠ్, రిటైరైన ఉర్దూ మాస్టరు, చిన్న కాంట్రాక్టరు, వార్డు లీడరు, మెడికల్ షాపు భాయీ. ఎక్కువ మంది నేక్ మనుషులే. షామియానా వాడికి డబ్బులు తక్కువ పడితే తమ జేబులోంచి తీసిచ్చినవాళ్లు నాకు తెలుసు. ఆ ఖిద్మత్‌కు నా సలాం.

కానీ ఖిద్మత్ ముఫ్త్‌గా చేసినంత మాత్రాన సంస్థ సొంతం కాదు. అది అమానత్. అమానత్‌ను మోసేవాడు కూలీ తీసుకున్నా తీసుకోకపోయినా అది ఇంకొకరి సొత్తే. ఈ ఒక్క సంగతి మన సదర్ సాహెబులకు, మోతమద్ సాహెబులకు ఎవరూ గట్టిగా చెప్పలేదు. అందుకే ఈ మజ్మూన్.

వాళ్ల మనసు ఎట్లా నడుస్తుందో చూడండి. జీతం తీసుకోవడం లేదు కాబట్టి ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. జవాబు చెప్పక్కర్లేదు కాబట్టి ఎలక్షన్ అక్కర్లేదు. ఎలక్షన్ లేదు కాబట్టి పదేళ్లైనా ఇరవయ్యేళ్లైనా అదే సదర్. సదర్ సాహెబ్‌కు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక కొడుకు జాయింట్ సెక్రటరీ. ముఫ్త్‌గా మొదలైన ఖిద్మత్ ఇట్లా మౌరూసీ జాగీర్ అయిపోతుంది. ఎవరూ దీన్ని సాజిష్ చేసి తెచ్చుకోలేదు. అడగడం మనం మానేశాం, చెప్పడం వాళ్లు మానేశారు.

ప్రెస్ నోట్ గురించి చెప్తాను, ఎందుకంటే అది నా పని. ప్రోగ్రాం అయిన రాత్రి పదకొండు గంటలకు వాట్సాప్‌లో నాకు నోట్ వస్తుంది. అధ్యక్షులు ఫలానా, ఉపాధ్యక్షులు ముగ్గురు ఫలానా ఫలానా, ప్రధాన కార్యదర్శి, కోశాధికారి, గౌరవ సలహాదారులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి. ఒక్కరి పేరు ముందు 'జనాబ్' తప్పిపోయినా పొద్దున్నే ఫోన్. నోట్ చివర 'తదితరులు పాల్గొన్నారు' అని ఉంటుంది. ఆ రాత్రి పాడింది ఎవరు? తప్పెట కొట్టింది ఎవరు? గజల్ చదివింది ఎవరు? వాళ్లంతా ఆ 'తదితరుల్లో' ఉంటారు. నేను ఎన్నోసార్లు తిరిగి ఫోన్ చేసి "పాడినాయన పేరు చెప్పండి సార్" అని అడిగాను. "అరే, పేరేందో… ముందు మావి వేయండి" అన్న జవాబు ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను.

ఫ్లెక్సీ సంగతీ అంతే. ఇరవై మొహాలు ఉంటాయి. ఖవ్వాల్ మొహం వెతకాలి.

ఇప్పుడు డబ్బు సంగతి. లక్ష రూపాయల చందా వచ్చిందనుకోండి. షామియానా, కుర్చీలు, మైకు, ఫ్లెక్సీలు, అతిథులకు శాలువాలు, పూలదండలు, మెమెంటోలు, రాత్రి బిర్యానీ. ఇవన్నీ ముందే బేరమాడి అడ్వాన్సు ఇచ్చేవి. మిగిలితే పాడినవాడికి. మిగలకపోతే పాడినవాడికీ ఒక శాలువా. మైకు వాడికి "ఖిద్మత్ అనుకుని ముఫ్త్‌లో పెట్టు" అని ఎవరూ చెప్పరు. బిర్యానీ వండిన ఉస్తాద్‌కు కూడా చెప్పరు. ఒక్క కళాకారుడికి మాత్రం చెప్తారు. పైగా "నీకు పేరొస్తుంది" అంటారు. పేరు ఎట్లా వస్తుంది, నోట్‌లో తదితరుల్లో ఉంటే?

ఒక పెద్దాయన ఉండేవారు, ఇటువైపు ఒక పల్లెలో. దూదేకుల మనిషి. మొహర్రం పదిరోజులూ పీర్ల చావిడి ముందు కర్బలా కథను తెలుగులో పాడేవారు. హసన్ హుసేన్ల పేర్లు మన సీమ యాసలో పలుకుతుంటే రైతులు, కూలీలు, సాయిబులు, రెడ్లు, మాదిగలు అందరూ ఏడ్చేవారు. ఒకసారి టౌనులో ఒక కమిటీ ఆయన్ని పిలిపించి వేదిక మీద సన్మానం చేసింది. రెండు నిమిషాలు పాడించారు. తర్వాత ముఖ్య అతిథి ముప్పావు గంట మాట్లాడాడు. పెద్దాయన బస్సు చార్జీ ఆయనే పెట్టుకుని వచ్చారు, ఆయనే పెట్టుకుని పోయారు. బస్టాండులో నాతో అన్నారు: "శాలువా బాగుంది నాయనా. చలికాలం కప్పుకుందామంటే మరీ పల్చగుంది." నవ్వుతూనే అన్నారు.

తర్వాత కొన్నేళ్లకు ఆయన ఇంతెఖాల్ అయ్యారు. అదే కమిటీ తాజియతీ జల్సా పెట్టింది. మాట్లాడినవాళ్లందరూ అరాకీన్లే. ఒక్కరికీ ఆయన పాట ఒక్క చరణం నోటికి రాదు. ఆయన కొడుకు బెంగళూరులో అపార్ట్‌మెంట్ వాచ్‌మన్, అతనికీ సగం సగమే వచ్చు. అన్నేళ్లలో ఆ కమిటీ ఒక్కసారి ఆయన ముందు ఫోను పెట్టి రికార్డు బటన్ నొక్కలేదు. దానికి చందా కూడా అక్కర్లేదు. కమిటీకి లెటర్‌ప్యాడ్ ఉంది, రబ్బరు స్టాంపు ఉంది, బ్యానర్ ఉంది. పాట పోయింది.

నా గొడవంతా ఇక్కడే ఉంది. డబ్బు ఎంత తిన్నారు అన్నది చిన్న సవాల్. వీళ్లు కుర్చీల్లో ఉండగా ఏం పోయింది అన్నది పెద్ద సవాల్.

"మొహర్రం పాటలు జాయెజ్ కావు, బిద్అత్, పోతే పోనీ" అనేవాళ్లు ఉన్నారు. ఆ బహస్ పాతది, ఉలమాలు ఉన్నారు, వాళ్లు చూసుకుంటారు. నేనిక్కడ ఫత్వా ఇవ్వడానికి రాలేదు. కానీ ఒక తమాషా గమనించాను. చందా వసూలు చేసేటప్పుడు ఈ బహస్ ఎవరికీ గుర్తు రాదు. చందా హిసాబ్ అడిగినప్పుడే గుర్తొస్తుంది.

నార్పల మండలం గూగూడు సంగతి ఈ సీమలో పుట్టినవాళ్లందరికీ తెలుసు. కుళ్లాయి స్వామి అని ఒకరంటే, కుళ్లాయప్ప పీరు అని ఇంకొకరంటారు. కుళ్లాయి అంటే టోపీయే కదా. మొహర్రంకు అక్కడ ఏ కులం, ఏ మజహబ్ అని లేకుండా జనం వస్తారు. కర్ణాటక నుంచీ వస్తారు. చక్కెర ఫాతెహా, అగ్నిగుండం, తప్పెట్లు. అఫ్సర్ గారు దాని మీద ఇంగ్లీషులో ఒక పూర్తి కితాబే రాశారు, 2013లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది. ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న ఆలిమ్-ఫాజిల్ మన గూగూడు గురించి చదువుతున్నాడు. మన పక్క ఊరి చావిడిలో పాడే మనిషి పేరు మన కమిటీకి తెలియదు.

ఇక జీతం సంగతికొద్దాం. ముఫ్త్‌గా చేస్తే పవిత్రం, తన్ఖా తీసుకుంటే తక్కువ అని మనకు ఎవరు నేర్పారు? హజ్రత్ అబూబకర్ బట్టల వ్యాపారి. ఖలీఫా అయ్యాక కూడా బట్టల మూట భుజాన వేసుకుని బజారుకు బయల్దేరితే సహాబాలు ఆపి, ఇల్లు గడిచేంత వజీఫా బైతుల్‌మాల్ నుంచి నిర్ణయించారని మనం చిన్నప్పట్నుంచీ వింటున్నాం. ఖలీఫాకే తన్ఖా ఉంటే, ఊళ్లో ఒక బజ్మ్‌కు పార్ట్‌టైమ్‌గా లెక్కలు రాసే కుర్రాడికి నెలకింత ఇవ్వడం గునాహ్ అవుతుందా? ఇస్తే పని అడగొచ్చు. రసీదు పుస్తకం ఎక్కడ అని అడగొచ్చు. రికార్డింగులు ఎందుకు చేయలేదని అడగొచ్చు. ముఫ్త్‌వాళ్లను అడగలేకపోవడం వల్లే కదా ఇంత దూరం వచ్చాం.

హజ్రత్ ఉమర్ వాకియా కూడా అందరికీ తెలుసు. యెమన్ నుంచి వచ్చిన బట్ట అందరికీ సమానంగా పంచారు. ఉమర్ పొడగరి. ఆయన ఒంటి మీద ఆ బట్టతో కుట్టిన పూర్తి కుర్తా కనబడింది. ఖుత్బా ఇస్తుంటే ఒక మనిషి లేచి, నీ వంతు బట్టతో ఇంత కుర్తా ఎట్లా అయిందో ముందు చెప్పు, తర్వాతే వింటాం అన్నాడు. ఖలీఫా కోప్పడలేదు. నేనేమన్నా జీతానికి పని చేస్తున్నానా అనలేదు. కొడుకు అబ్దుల్లాను లేపి జవాబు చెప్పించారు, తన వంతు బట్ట తండ్రికి ఇచ్చానని. అప్పుడు సభ విన్నది. ఈ వాకియాను మన సదర్ సాహెబులు మైకులో గొంతు పూడేట్టు చెప్తారు. కిందికి దిగాక ఒక కుర్రాడు లేచి ఫ్లెక్సీ ఖర్చు ఎంత అని అడిగితే మాత్రం "ఎవడ్రా వాడు, ఎవరి పిల్లోడు?" అంటారు.

ఖురాన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ ఏదో ఎప్పుడైనా చూశారా? సూరా బఖరాలో 282వది. అది నమాజు గురించి కాదు, రోజా గురించి కాదు. బాకీ లావాదేవీలు రాసి పెట్టుకోండి, సాక్షుల్ని పెట్టుకోండి అన్న దాని గురించి. చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించొద్దన్నది దాని సారం. అప్పు అమానత్ కాదంటారా? సరే, ఇద్దరి మధ్య బాకీకే ఇంత తాకీదు ఉంటే, నాలుగు వందల ఇళ్ల చందాకు ఎంత ఉండాలి?

ఇప్పుడు కమిటీలో ఎవరున్నారు, ఎవరు లేరు అన్న సంగతి. ఇది చేదుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఒకటి, దూదేకులవాళ్లు లేరు. నూర్‌బాషాలు, లద్దాఫ్‌లు, పింజారీలు అని ఏ పేరుతో పిలిచినా మన సీమ పల్లెల్లో మొహర్రంను గొంతులో పెట్టుకుని మోసిన వాళ్లలో వీళ్లే ముందుంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. టౌను బజ్మ్‌లకు అదే ఐబ్. "ఉర్దూ నహీఁ ఆతీ" అని ఒక్క మాటతో గుమ్మం దగ్గర ఆపేస్తారు. ఉర్దూ నా బడి భాష, నా అమ్మీ భాష. 2022లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసినప్పుడు నేనూ ఖుష్ అయ్యాను. కానీ ఉర్దూ ఇజ్జత్ తెలుగు ముస్లింను బయట నిలబెడితే పెరగదు. బుర్రకథ నాజర్ ఎవరు? గుంటూరు జిల్లా పొన్నెకల్లు దూదేకుల బిడ్డ. 1986లో పద్మశ్రీ. ఆయన ఆత్మకథ పేరే 'పింజారి'. తెలుగు ముస్లిం గొంతు ఎంత దూరం పోతుందో చూపించిన మనిషి. ఆయన మన ఊళ్లో పుట్టి ఉంటే మన బజ్మ్‌లో రుకున్ అయ్యేవాడా? తలఫ్ఫుజ్ బాగాలేదని వెనక వరుసలో కూర్చోబెట్టేవాళ్లు. నాదస్వరంతో శ్రీరంగం దాకా పోయి పద్మశ్రీ తెచ్చుకున్న షేక్ చినమౌలానాను "ఇది మన ఫన్ కాదు" అని అసలు పిలిచేవాళ్లే కాదు.

రెండు, ఆడవాళ్లు లేరు. దక్కన్‌లో తిరగలి విసురుతూ పాడుకునే చక్కీనామాలు ఎవరి నోట బతికాయి? బీజాపూర్ సూఫీలు రాస్తే రాసి ఉండొచ్చు, తరాలు దాటించింది మన నానీలు, దాదీలు. పెళ్లిళ్లలో ఢోలక్ కే గీత్ ఇప్పటికీ ఎవరికి వచ్చు? మన ఖాలాలకు, ఫుప్పూలకు. ఫన్ వాళ్ల దగ్గర, కమిటీ మగవాళ్ల దగ్గర. "పర్దా ఉంది కదా" అంటారు. పర్దాలో ఉండి టీచర్లు అవుతున్నారు, డాక్టర్లు అవుతున్నారు, వార్డు సచివాలయాల్లో పని చేస్తున్నారు, డ్వాక్రా సంఘాల లెక్కలు పైసాతో సహా రాస్తున్నారు. మొహల్లాలో అందరికంటే శుభ్రంగా హిసాబ్ రాయగలిగిన మనిషి డ్వాక్రాలో ఉన్న ఒక ఆపానే. ఆమెను ఖాజిన్ చేస్తే ఏ షరియత్ అడ్డొస్తుందో నాకు చెప్పండి.

మూడు, వలస పోయినవాళ్లు లేరు. ఈ జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల దగ్గర. అదీ సమయానికి కురవదు. చెనక్కాయ పంట పోయిన ఏడాది జనం మూటా ముల్లె కట్టుకుని బెంగళూరు రైలెక్కుతారు. తప్పెట కొట్టే కుర్రాళ్లు, పాట అందుకునే కుర్రాళ్లు వాళ్లే. కమిటీ మీటింగు ఎప్పుడు? జుమా తర్వాత మధ్యాహ్నం మూడింటికి, సదర్ సాహెబ్ ఖైలూలా అయ్యాక. దుకాణాలున్నవాళ్లకు, పెన్షన్ ఉన్నవాళ్లకు కుదిరే టైమది. వాచ్‌మన్ కొడుక్కి, సెంట్రింగ్ కూలీకి కుదరదు. జీతం లేని పదవి కాబట్టి తిండికి లోటు లేనివాడే దాంట్లో కూర్చోగలడు. ముఫ్త్ ఖిద్మత్ అన్నది అందరికీ తెరిచిన తలుపులా కనిపిస్తుంది గానీ, రోజు కూలీ పోతే పొయ్యి వెలగని ఇంటివాడికి అది మూసిన తలుపే. నౌజవాన్లు రావడం లేదు, మొబైల్ ఫోన్లలో మునిగారు అని ఏడ్చే బుజుర్గులు ఈ మాట కొంచెం ఆలోచించాలి.

"మరి మౌల్వీ అబ్దుల్ హఖ్ సాహెబ్ యాభై ఏళ్లు కుర్చీలో ఉండలేదా?" అని ఒక ఉర్దూ మాస్టరు నన్ను నిలదీశారు. మంచి సవాల్. 1903లో పుట్టిన అంజుమన్ తరఖ్ఖీ-ఎ-ఉర్దూ 1912లో ఆయన చేతికి వచ్చింది. అప్పుడాయన ఔరంగాబాద్‌లో బడుల ఇన్‌స్పెక్టరు. నౌకరీ చేసుకుంటూ, మిగిలిన టైములో అంజుమన్‌ను నడిపారు. 1921లో 'ఉర్దూ' అనే రిసాలా మొదలుపెట్టారు. 1937లో ఇంగ్లీషు-ఉర్దూ లుఘత్ తెచ్చారు. పాత దక్కనీ రాతప్రతులు వెతికి అచ్చు వేయించారు. 1961లో పోయేదాకా అదే పని. ఆయన హిసాబ్ లైబ్రరీల్లో అరల నిండా ఉంది. హైదరాబాద్‌లో మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ సాహెబ్ 1931లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ స్థాపించారు. 1938లో 'సబ్‌రస్' పత్రిక. పంజాగుట్టలో ఐవాన్-ఎ-ఉర్దూ, అందులో కితాబులు, రాతప్రతులు. ఆయన 1962లో పోయారు. ఇదారా మిగిలింది. వాళ్ల పేరు చెప్పుకుని కుర్చీ పట్టుకునే సదర్ సాహెబులను ఒక్కటే అడుగుతాను. మీ ఇరవై ఏళ్లలో అచ్చైన పుస్తకాలెన్ని? రికార్డైన పాటలెన్ని? తయారైన పిల్లలెంతమంది? జవాబు శాలువాల లెక్కలో ఉంటే, దయచేసి అబ్దుల్ హఖ్ పేరు తీయకండి.

ఇంకో జవాబు ఉంది: "అంత బాధగా ఉంటే నువ్వే వచ్చి చెయ్." ఇది చాలా హోషియార్ మాట. వచ్చినవాడికి తాళంచెవులు ఇవ్వరు, రసీదు పుస్తకం ఇవ్వరు, బ్యాంకు పాస్‌బుక్ చూపించరు. కుర్చీలు మోసే పని ఇస్తారు. రెండేళ్లకు విసిగి మానేస్తే "చూశారా, ఈ కాలం పిల్లలు" అంటారు.

మూడో జవాబు ఈమధ్య ఎక్కువ వినబడుతోంది. "ఇప్పుడా ఇవన్నీ? బయట హాలాత్ చూడు. 2025లో వక్ఫ్ చట్టాన్ని మార్చారు, బోర్డుల్లో బయటివాళ్లకు కుర్చీలు వేశారు. ఇప్పుడు నువ్వు మన ఇంటి గుట్టు బజార్లో పెడితే దుష్మన్ చేతికి కత్తి ఇచ్చినట్టే." ఈ మాటలో నొప్పి ఉంది, నాకూ ఉంది. ఆ చట్టం మీద నా కోపం తక్కువేమీ కాదు. కానీ కొంచెం ఠండా దిమాగ్‌తో చూడండి. మన సంస్థలను మనమే నడుపుకుంటాం, బయటివాడు వద్దు అని మనం అంటున్నాం. ఆ హక్ గట్టిగా నిలబడాలంటే దాని పక్కన హిసాబ్ ఉండాలి. రెండూ ఒకే కాడికి కట్టిన ఎద్దులు. ఒకటి పడుకుంటే రెండోది బండి లాగలేదు. బయటివాడు వచ్చి అడిగేలోపు ఇంట్లోవాళ్లే అడిగి సరిచేసుకున్న ఇంటికి ఏ కత్తీ తగలదు. మూసిపెట్టిన లెక్కే కత్తి, అది ఇప్పటికే బయట ఉంది.

పైగా ఇది కొత్త షర్త్ ఏమీ కాదు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం కనీసం ఏడుగురు కలిస్తే సొసైటీ. సర్వసభ్య సమావేశం పెట్టుకోవాలి, ఏటా కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి. మన బజ్మ్‌లలో కొన్ని రిజిస్టరే కాలేదు. అయినవాటిలో చాలా, నేను చూసినంతవరకు, మొదటి ఏడాది సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి గోడకు కొట్టి తర్వాత ఆ ఆఫీసు మొహం చూడలేదు. సర్వసభ్య సమావేశం అంటే ఇఫ్తార్ అనుకుంటున్నారు.

కాబట్టి నేను అడుగుతున్నవి ఇవి. పెద్దవేమీ కావు.

ప్రోగ్రాం అయిన పదిహేను రోజుల్లో వచ్చిందెంత, పోయిందెంత ఒక కాగితం మీద ఉర్దూలో, తెలుగులో రాసి చావిడి గోడకో, దర్గా గుమ్మానికో, మొహల్లా చాయ్ హోటల్లోనో అంటించండి. ఖర్చు రెండు జిరాక్స్ కాపీలు.

పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు, చదివేవాళ్లకు ఇచ్చేది ముందు తీసి పక్కన పెట్టండి, బస్సు చార్జీతో సహా. మిగిలినదాంట్లో శాలువాలు కొనుక్కోండి.

ఒక మనిషి ఒక ఓహ్దాలో మూడేళ్లు, మహా అయితే రెండుసార్లు. తర్వాత లేవాలి. కొడుకును కూర్చోబెట్టి లేవడం లేవడం కాదు.

కమిటీలో సగం మంది ఫన్‌కార్లు ఉండాలి. వాళ్లలో తెలుగు పాడేవాళ్లు ఉండాలి, ఆడవాళ్లు ఉండాలి. మీటింగు రాత్రి ఇషా తర్వాత పెట్టండి. ఊళ్లో లేనివాళ్లను ఫోన్లో కలపండి.

ఏడాదికి ఒక్క పెద్దాయనను, ఒక్క పెద్దమ్మను కూర్చోబెట్టి వాళ్లకు వచ్చినదంతా రికార్డు చేయండి. పాడిన మనిషి పేరు, ఊరు, తారీఖు రాయండి. ఈ ఒక్క పని చేసిన కమిటీకి మిగతా గునాహ్‌లు నేనైతే మాఫ్ చేస్తాను.

ఇవి చేయడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు, సర్కారు గ్రాంటు అక్కర్లేదు. కుర్చీ మీద కొంచెం పట్టు సడలిస్తే చాలు. నిజంగా ఖిద్మత్ కోసమే కూర్చున్నవాళ్లకు ఇది బరువు కాదు, ఇంకొకరు వచ్చి భుజం పట్టుకున్నట్టు ఉంటుంది. బరువనిపించే వాళ్లెవరో మీ మొహల్లాలో మీకే తెలుస్తుంది.

మొహర్రం రానీ, ఉర్సు రానీ, మీలాద్ రానీ, రసీదు పుస్తకం పట్టుకుని నలుగురు మీ తలుపు తడతారు. చందా ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. చాయ్ కూడా ఇవ్వండి. ఇస్తూ అదబ్‌తో రెండే రెండు మాటలు అడగండి. "భాయీ, పోయిన ఏడాది హిసాబ్ ఏ గోడ మీద అంటించారు? ఈసారి పాడేవాళ్లకు ఎంత పక్కన పెట్టారు?" జవాబు వస్తే నాకు రాయండి, సంతోషంగా అచ్చు వేస్తాను. రాకపోతే మాత్రం తప్పకుండా రాయండి.